పసివాడి పాలలో ఉప్పు

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని చూసే డాక్టరుకి కోపం పనికిరాదని మా పెద్దసారు అనేవారు. “వాళ్ళు కన్నతల్లి కడుపులోనే ఆగలేదు. నువ్వు ఆగమంటే ఆగుతారా అమ్మా?” అని నవ్వేవారు. ఆయన దగ్గర ఉద్యోగంలో చేరినప్పుడు నాకు కోపం ఎక్కువ, అనుభవం తక్కువ. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాక అనుభవం మిగిలింది, కోపం పోయింది. రెండూ పనికొచ్చే చోట మాత్రం నేను లేను.

ఈమధ్య పిల్లల వార్డుల్లో కొత్తగా చేరిన డాక్టర్లు కొందరు నన్ను చూడడానికి వచ్చి, “మేడమ్, మీరు మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి” అని అడుగుతుంటారు. మర్చిపోలేనివి చాలా ఉన్నాయి. వాటిలో సగం తలుచుకుంటే అన్నం సయించదు. అందుకని నేను ఎప్పుడూ ఈ ఒక్క పిల్లవాడి సంగతే చెబుతాను. వీణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. ఆ రోజుల్లో మాత్రం నవ్వు రాలేదు.

తొంభైల మధ్యలో మాట. రాజమండ్రిలో గోదావరి గట్టుకి కాస్త ఇవతలగా ఒక చిన్న పిల్లల ఆస్పత్రిలో పనిచేసేదాన్ని. ఏటికి అవతలి ఊళ్ళ నుంచీ, కోనసీమ లంకల నుంచీ జనం పసిగుడ్డుల్ని తువ్వాళ్ళలో చుట్టుకుని బస్సుల్లో వచ్చేవారు. నెలలు నిండని పిల్లల కోసం ఒక గది ఉండేది. అందులో బల్బులు బిగించిన చెక్క తొట్లు, ఒక తూకం, గోడకి ఒక థర్మామీటరు. ఇప్పుడు మీ వార్డుల్లో ఒక్క రక్తపు చుక్క వేస్తే సమస్తం చెప్పేసే యంత్రాలు ఉన్నాయి. మాకు ఉన్నవి రెండు కళ్ళు, ఒక స్టెతస్కోపు, ఒక హెడ్ సిస్టరు.

హెడ్ సిస్టరు గురించి చెప్పాలి. లూథరన్ చర్చికి వెళ్ళే కుటుంబం ఆవిడది. నలభై దాటిన మనిషి, ఎప్పుడూ గంజి పెట్టిన తెల్లచీర. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు కాస్త గరుకుగా ఉండేది కానీ తొట్టెల్లో పడుకున్న పిల్లల్ని మాత్రం అండీ, గారూ అని తప్ప పిలిచేది కాదు. “బాబుగారూ, పాలు పుచ్చుకుంటారా అండి? పాపగారూ, కాస్త ఊపిరి పీల్చండమ్మా” అంటూ తిరుగుతుండేది. కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. పోనుపోను ఆ గదిలోకి వెళ్తే నా నోటా అవే మాటలు వచ్చేవి.

పెద్దసారు మా ఆస్పత్రికి పెద్ద. రిటైర్మెంటుకి దగ్గర పడుతున్నారు. తొట్టె దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, పిల్లవాణ్ణి చాలాసేపు చూసి, అప్పుడు గానీ మాట్లాడేవారు కాదు. నాకది పెద్ద చాదస్తంగా ఉండేది. ఇన్నేళ్ళ తర్వాత నా దగ్గర పనిచేసిన పిల్లలు నా గురించీ అదే అనుకుని ఉంటారు.

సరే, మన పిల్లవాడు. రావులపాలెం పక్క లంక గ్రామం వాళ్ళది. తండ్రి అరటి మార్కెట్లో గెలలు ఎత్తేవాడు. తల్లికి ఇరవై దాటి ఉండవు. అంతకు ముందు ఒక కాన్పు పోయింది. ఇప్పుడు ఈ మగపిల్లవాడు రెండు నెలల ముందే పుట్టేశాడు. ఆ అమ్మాయితో పాటు వాళ్ళ అత్తగారు వచ్చింది. ఆవిణ్ణి వార్డంతా మామ్మగారు అనేవాళ్ళం. గట్టి గొంతు. వరండాలో ఆవిడ మాట్లాడితే లోపల పిల్లలు ఉలిక్కిపడేవారు. కోడలి మాట మాత్రం ఎవరికీ వినిపించేది కాదు. తన పాలు పిండి గిన్నెలో పెట్టి, సిస్టరుకి అందించి, తొట్టె కేసి చూస్తూ కూర్చునేది.

మొదట్లో వాడు చాలా బుద్ధిమంతుడు. ముక్కులోంచి వేసిన సన్నటి గొట్టంలో తల్లిపాలు పోస్తే అరిగించుకున్నాడు. ఊపిరి బాగా తీసుకున్నాడు. రోజూ పొద్దున్న తూకం వేస్తే ముల్లు కాస్త కాస్త ముందుకి జరిగేది. “బాబుగారు ఇంటికి వెళ్ళే తొందరలో ఉన్నారండి” అంది సిస్టరు.

తర్వాత ఒకరోజు ముల్లు ఆగిపోయింది. మర్నాడూ అక్కడే. ఆపైన వెనక్కి రావడం మొదలుపెట్టింది.

నెలలు నిండని పిల్లవాడు బరువు తగ్గితే మీకు ముందు ఏం తోస్తుందో నాకూ అదే తోచింది. ఇన్‌ఫెక్షన్. రక్తం పరీక్షకి పంపించి, యాంటీబయాటిక్ మొదలుపెట్టాను. జ్వరం లేదు. పొట్ట మెత్తగా ఉంది. పరీక్షలో క్రిములు కనిపించలేదు. అయితే తిండి చాలడం లేదేమోనని పాలు పెంచాను. పెంచిన పాలు కూడా తాగాడు. మళ్ళీ తగ్గాడు.

రక్తంలో సోడియం చూడమని ల్యాబుకి రాశాను. సోడియం అంటే మన ఉప్పులో ఉండేదే. మా ల్యాబాయన దగ్గర ఒక మంట యంత్రం ఉండేది. రక్తంలోని నీటిని సన్నటి గొట్టంతో మంటలోకి పీలుస్తుంది. సోడియం ఉంటే మంట పసుపుపచ్చగా మారుతుంది. ఎంత పసుపో దాన్నిబట్టి ఎంత సోడియమో ముల్లు చూపిస్తుంది. ఆయన పొద్దున్నే వచ్చి పాత పంచె ముక్కతో దాన్ని తుడిచి, అప్పుడు గానీ కాఫీకి వెళ్ళేవాడు కాదు.

రిపోర్టు చూసి నేను నేరుగా ల్యాబుకి వెళ్ళాను.

“ఏంటండి ఇది? ఇంత తక్కువ ఉంటే పిల్లవాడు బతికి ఉంటాడా? మళ్ళీ చెయ్యండి.”

“రెండుసార్లు చేశానండి.”

“మొన్న మీ యంత్రంలో గాలి ప్రెషరు తగ్గినప్పుడు కూడా రెండుసార్లు చేశారు కదా. రెండూ తప్పే వచ్చాయి.”

అది నిజమే. ఆయన నొచ్చుకున్నాడు. మూడోసారి నా ఎదురుగానే చేశాడు. ముల్లు అక్కడే ఆగింది.

“నాకైతే మీకు అబద్ధం చెప్పే అవసరం పడొచ్చు గానీ మేడమ్, మంటకి ఏం అవసరమండి?” అన్నాడు మెల్లగా.

పెద్దసారుకి చెప్పాను. ఆయన తొట్టె దగ్గర నిలబడి ఎప్పటిలాగే చాలాసేపు చూశారు.

“పాలు బాగా పెంచావు. ఇంత చిన్న శరీరంలో నీళ్ళు ఎక్కువైపోయి సోడియం పలచబడి ఉంటుంది. కాస్త తగ్గించు” అన్నారు.

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పుస్తకాల్లో అదే ముందు రాసి ఉంటుంది. తగ్గించాను. మర్నాటికి పిల్లవాడు ఇంకా తగ్గాడు. కళ్ళు తెరవడం మానేశాడు. గిల్లితే ఏడ్చేవాడు కాస్తా మూలిగి ఊరుకున్నాడు. ఆ రోజు సిస్టరు వాడి తొట్టె దగ్గర ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. ఆవిడ ఎక్కువ మాట్లాడుతోందంటే భయపడుతోందని అర్థం. మాకు తెలుసు.

నేను తల పట్టుకుని వరండాలోకి వచ్చాను. మామ్మగారు పంపు దగ్గర మనవడి గుడ్డలు ఉతికి కమ్మీ మీద ఆరేస్తోంది. పక్క పిల్లల గుడ్డలు అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. వీడివి కమ్మీ పొడుగునా ఉన్నాయి.

“అన్నీ మీవాడివేనా మామ్మగారూ?” అన్నాను, ఏదో ఒకటి అనాలని.

“మరేంటండి. పాలు తగ్గించేశారు గదా, ఇహ నా చేతులకి కాస్త తెరిపి అనుకున్నాను. ఎక్కడండీ బాబూ. తాగేది ఉగ్గుగిన్నెడు, పోసేది బిందెడు. ఎక్కణ్ణుంచి వస్తన్నాయో వీడికిన్ని నీళ్ళు.”

ఆవిడ చేతినొప్పి గురించి చెబుతోంది. నేను ఆ గుడ్డల కేసి చూస్తూ నిలబడిపోయాను. ఒంట్లో నీళ్ళు నిలవుండి సోడియం పలచబడితే పిల్లవాడు బరువెక్కాలి, ఉబ్బాలి. వీడు ఎండిపోతున్నాడు. ఎండిపోతూ కూడా పోస్తూనే ఉన్నాడు. అంటే నీళ్ళు ఎక్కువవడం కాదు, ఉప్పు పోతోంది. ఉప్పుతో పాటు నీళ్ళూ పోతున్నాయి. పాలు తగ్గించి మేం ఆ రెంటినీ ఇంకా తగ్గించాం.

ఎందుకు పోతోందన్నది నాకు సరిగ్గా తెలియలేదు. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి కాకినాడలో ఉన్న నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. మెడిసిన్ చదివేటప్పుడు హాస్టల్లో ఒకే గది మాది. అది రోగుల్ని చూడడం ఇష్టం లేక ఫిజియాలజీ తీసుకుని పాఠాలు చెప్పుకుంటోంది. అంతకు ముందు కొన్నాళ్ళు ఎలక పిల్లల కిడ్నీల మీద పరిశోధన చేసింది. మేమంతా దాన్ని ఎలకల డాక్టరని ఏడిపించేవాళ్ళం.

అంతా విని అది మొదట అడిగింది, “పొటాషియం ఎలా ఉందే?”

“మామూలుగానే ఉంది.”

“అయితే కిడ్నీల మీదుండే గ్రంథుల జబ్బు కాకపోవచ్చు. అదైతే పొటాషియం పెరిగేది. వాడి కిడ్నీకి వయసు చాలలేదు, అంతే.”

“పుట్టాక పనిచేస్తూనే ఉంది కదే. మూత్రం బ్రహ్మాండంగా వస్తోంది.”

“అదే చెబుతున్నాను, నువ్వు క్లాసులో నిద్రపోయావు గనక ఇప్పుడు విను. కిడ్నీ ముందు రక్తంలోంచి నీళ్ళూ ఉప్పూ అన్నీ వడకట్టి బయటికి వదిలేస్తుంది. అవి సన్నటి గొట్టాల్లోంచి పోతుంటే, కావలసినవి మళ్ళీ వెనక్కి లాక్కుంటుంది. వదిలేయడం తేలిక. లాక్కోవడమే కష్టం. దానికి ఆ గొట్టాల గోడల్లో పంపులు ఉండాలి, దారులు ఉండాలి. అవి పుట్టేనాటికే అన్నీ తయారై ఉండవు. నా ఎలక పిల్లలకైతే పుట్టాక కూడా కొత్త గొట్టాలు మొలిచేవి. మనిషి పిల్ల నెలలు నిండి పుడితే గొట్టాలన్నీ ఉంటాయి. పంపులు మాత్రం పుట్టాకే బాగా పెరుగుతాయి. కుక్కపిల్లకైనా గొర్రెపిల్లకైనా కాస్త అటూఇటూగా అంతే. మీవాడు రెండు నెలలు ముందొచ్చాడు. వాడికి పంపులు తక్కువ.”

“ఒంట్లో ఉప్పు తగ్గితే పట్టుకోమని హార్మోను చెప్పదూ?”

“చెబుతుంది. అరిచి చెబుతుంది. ఆ గొట్టాలకి ఇంకా ఆ భాష రాదు.”

“ఎప్పటికి వస్తుంది?”

“కొన్ని వారాలు పట్టొచ్చు. దానంతట అది వస్తుంది. నువ్వు నేర్పలేవు. అది నేర్చుకునేదాకా పోయినంత ఉప్పు మళ్ళీ పెట్టు. తల్లిపాలలో ఉండే ఉప్పు వాడికి చాలదు. ముందు మూత్రంలో సోడియం చూడు. రక్తంలో తక్కువుండి మూత్రంలో ఎక్కువుంటే నేను చెప్పిందే. పెట్టేయనా, క్లాసుంది.”

మూత్రం పట్టడం చెప్పినంత తేలిక కాదు. చిన్న గాజు గొట్టాన్ని ప్లాస్టరుతో అంటించి సిస్టరు కాపలా కూర్చుంది. అంతవరకు మామ్మగారి చేతులు విరగ్గొట్టినవాడు గొట్టం పెట్టగానే బిగబట్టాడు. కాసేపటికి గొట్టం పక్కనుంచి పోశాడు. మళ్ళీ అంటిస్తే దాన్ని కాలితో తన్నేశాడు.

“బాబుగారూ, రెండు చుక్కలు దయచెయ్యండి. మీకేగా మంచిది” అని బతిమాలింది సిస్టరు. మధ్యాహ్నం వార్డులో అందరూ భోజనాలకి లేచాక దయచేశాడు.

ల్యాబాయన దానిలో కొలతగా నీళ్ళు కలిపి యంత్రానికి అందించాడు. నేను పక్కనే నిలబడ్డాను. మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా లేచింది. ఆయన ముల్లు కేసి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“ఉప్పాడ సముద్రం నీళ్ళేమైనా కలిపారేంటండి ఇందులో?”

నేను నవ్వలేదు. పరిగెత్తినట్టే పెద్దసారు గదికి వెళ్ళాను. ఆయన నేను చెప్పిందంతా విన్నారు. కాగితం మీద రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. నేను చెప్పింది తప్పని అనలేదు. కానీ పాలలో ఉప్పు కలుపుదామంటే తల అడ్డంగా ఊపారు.

“నేను చిన్న డాక్టరుగా ఉన్నప్పుడు, ఇక్కడ కాదు, ఇంకో ఊళ్ళో, విరేచనాలతో వచ్చిన పిల్లవాడికి ఎవరో ఉప్పు చక్కెర నీళ్ళు కలిపి ఇచ్చారు. కలిపినవాళ్ళకి చెంచా లెక్క తప్పింది. వాడు నా చేతుల్లో పోయాడు. తలలో రక్తం చిమ్మింది. ఉప్పు తక్కువైతే మనకి కాస్త టైముంటుందమ్మా. ఎక్కువైతే ఉండదు.”

“సార్, వీడికి ఆ టైము అయిపోతోంది.”

“రేపు పొద్దున్న ఇంకోసారి రక్తం చూద్దాం. అప్పుడు ఆలోచిద్దాం.”

ఆ మనిషిని నేను మొండివాడని అనుకోలేకపోయాను. ఆయన ఆ మాట చెబుతున్నంతసేపూ తన అరచేతుల కేసే చూసుకున్నారు. నేను ఇంకేదో చెప్పబోతుండగా సిస్టరు తలుపు తోసుకుని వచ్చింది. ఆవిడ ఎప్పుడూ తలుపు కొట్టకుండా రాదు.

“సార్, బాబు చెయ్యి కొట్టుకుంటోందండి.”

గారు పోయింది. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

మేం వెళ్ళేసరికి కుడిచెయ్యి ఒకే తీరుగా ఎగిరెగిరి పడుతోంది. పెదవులు నీలంగా మారాయి. తల్లి తొట్టె అంచు పట్టుకుని నిలబడింది, అరవలేదు, కదల్లేదు. మామ్మగారు మాత్రం గుమ్మం దగ్గర కూలబడి దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలుస్తోంది. ఆక్సిజన్ పెట్టాం. రక్తంలో చక్కెర చూశాం, బాగానే ఉంది. పెద్దసారు నా కేసి తిరిగారు.

“చిక్కటి సెలైన్ తీసుకురా. ఎంత ఇవ్వాలో నువ్వు లెక్క వెయ్యి. నేను మళ్ళీ వేస్తాను. రెండూ కలిస్తే ఇద్దాం.”

ఇద్దరం చెరో కాగితం మీద లెక్క వేశాం. కలిశాయి. సిరంజి నా చేతిలోంచి ఆయనే తీసుకున్నారు. తొట్టె పక్కన స్టూలు మీద కూర్చుని ఆ ఉప్పునీళ్ళు సన్నటి నరంలోకి ఎంత నెమ్మదిగా ఎక్కించారంటే, నాకు ఆయన చేతిలోంచి లాక్కుని తోసేయాలనిపించింది. ఆయన తొందరపడలేదు. కొంతసేపటికి ఎగిరే చెయ్యి వేళ్ళ దగ్గర మాత్రమే కదిలింది. తర్వాత అదీ ఆగింది. పెదవులకి రంగు తిరిగింది. ఇంకాస్త సేపటికి వాడు నోరు తెరిచి, ఆ రోజుకి మొదటిసారి, కోపంగా ఏడ్చాడు.

“అబ్బ, వచ్చారండీ బాబుగారు” అంది సిస్టరు, చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ.

పెద్దసారు సిరంజి కింద పెట్టి, “పాలలో ఉప్పు సంగతి కేసు షీటులో రాయి. సంతకం నేను పెడతాను” అన్నారు.

“నేను చెప్పింది కదా సార్, నేనే పెడతాను.”

“నీకు ఇంకా చాలా సర్వీసుంది. నాదెలాగూ అయిపోవచ్చింది. ఏమన్నా తేడా వస్తే నన్ను ఏం చేస్తారు? ఇంటికి పంపిస్తారు. అదెలాగూ పంపిస్తారు.”

ఎన్ని ఉద్యోగాలు చేసినా, ఎంతమంది పైఅధికారుల్ని చూసినా, నాకు ఆ మాట చెప్పినవాళ్ళు ఇంకొకరు తగల్లేదు. నా కింద పనిచేసిన వాళ్ళకి నేను ఆ మాట చెప్పగలిగినప్పుడల్లా ఆ స్టూలు మీద కూర్చున్న ఆయనే కనబడేవారు.

ఇక మామ్మగారికి చెప్పడం మిగిలింది. పిల్లవాడి పాలలో రోజూ ఉప్పునీళ్ళు కలుపుతామనగానే ఆవిడ లేచి నిలబడింది.

“పసిగుడ్డుకి ఉప్పేంటండి? పాలు విరిగిపోవూ? మా ఇంటా వంటా లేదు.”

“చిన్న చిన్న చుక్కలు మామ్మగారూ. పాలు విరగవు. వాడి ఒంట్లోంచి ఉప్పంతా పోతోంది. అందుకే ఫిట్స్ వచ్చాయి.”

ఆవిడ మొహం మారిపోయింది. తర్వాత ఆ గట్టి గొంతు కాస్తా గుసగుసగా మారింది.

“నావల్లేనా అండి? బాలెంతరాలు గదా అని దానికి నేను చప్పిడి పత్యం పెడుతున్నానండి. ఉప్పు నలకంత వేసి పెట్టాను. దాని పాలలో ఉప్పు లేకుండా నేనే చేశానా?”

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. తల్లి ఏం తిన్నా పాలలో ఉప్పు పెద్దగా మారదని, తప్పు ఆవిడది కాదని, కోడలిదీ కాదని, పిల్లవాడి కిడ్నీకి ఇంకా ఉప్పు పట్టుకునే వయసు రాలేదని, నా స్నేహితురాలు చెప్పిందంతా నాకొచ్చిన మాటల్లో చెప్పాను. ఆవిడ బుద్ధిగా తలూపింది. మర్నాడు మధ్యాహ్నం సిస్టరు ఒక క్యారేజీ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మూత తీస్తే గది నిండా వాసన. గోంగూర పచ్చడి, ఎండబెట్టిన ఉప్పుచేప కూర, ఊరగాయ.

“ఆ అమ్మాయికి మామ్మగారు పెడుతున్నారండి. ఎందుకేంటి అంటే, డాక్టరమ్మగారు ఊరికే నా మనసు కుదుటపడ్డానికి అలా చెప్పారు, ఎందుకైనా మంచిదని అంటున్నారు.”

ఉప్పుచేప మాన్పించి, గోంగూర కాస్త ఉండనిచ్చాం. ఆ అమ్మాయి అన్నం తృప్తిగా తినడం నేను అప్పుడే చూశాను. పత్యం మాన్పించడానికి ఒక జబ్బు రావలసి వచ్చిందన్నమాట.

పాలలో చిక్కటి ఉప్పునీళ్ళు కలపడం హెడ్ సిస్టరు ఒక్కతే చెయ్యాలని పెద్దసారు ఆర్డరు వేశారు. ఆవిడ సెలవు రోజున నేను. రోజు మొత్తానికి ఇవ్వాల్సింది అన్ని పాలల్లోకీ సమంగా పంచాలి. మొదటి రోజుల్లో ప్రతిసారీ ఆయన వచ్చి సిరంజి చూసేవారు. చూసి ఊరుకోకుండా ఒక చుక్క తన నాలుక మీద వేసుకునేవారు. ఒకసారి నేను చూసేశాను.

“రుచిని బట్టి డోసు తెలుస్తుందా సార్?”

“తెలీదు. నాకు ధైర్యం వస్తుంది” అన్నారు.

ముల్లు ముందుకి జరగడం మొదలుపెట్టింది. వాడు కళ్ళు తెరిచాడు. తర్వాత చప్పరించడం నేర్చుకున్నాడు. ముక్కులో గొట్టం తీసేసి తల్లి ఒళ్ళో వేశాం. ల్యాబాయన అడక్కుండానే, “మన సముద్రం బాబు ఎలా ఉన్నాడండి?” అంటూ గుమ్మంలోంచి తొంగి చూసి వెళ్ళేవాడు. కొన్ని వారాలు అలా గడిచాయి. వాడికి బుగ్గలు వచ్చాయి.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడినుంచి. మందు మొదలుపెట్టడం మనకి పెద్ద పనిలా కనిపిస్తుంది. ఆపడం ఎవరికీ గుర్తుండదు. ఆ రోజు మళ్ళీ మూత్రం పట్టి పంపిస్తే, ల్యాబాయన చీటీ మీద రాయకుండా తనే వచ్చాడు. సోడియం బాగా తగ్గిపోయిందన్నాడు. వాడి కిడ్నీ ఉప్పు పట్టుకోవడం నేర్చుకుంది. ఇప్పుడు కూడా మేం ఉప్పు పెడుతూ పోతే అది వదలదు. ఒంట్లో నిలవుంటుంది. మేం ఏ ఉప్పుతో బతికించామో అదే వాడికి చెరుపు చేస్తుంది. మెల్లమెల్లగా తగ్గించి ఆపేద్దామని పెద్దసారూ నేనూ అనుకున్నాం.

ఆ మాట తల్లికి చెప్పాను. అన్నాళ్ళూ అవును, కాదు అని తప్ప నాతో మాట్లాడని పిల్ల, తొట్టెకి అడ్డంగా నిలబడింది.

“వద్దండి. ఆపద్దండి.”

“ఇప్పుడు అవసరం లేదమ్మా. వాడంతట వాడే...”

“అప్పుడూ బాగానే ఉన్నాడన్నారండి. పాలు తగ్గిస్తే బాగుంటాడన్నారండి. తర్వాత చెయ్యి కొట్టుకుంది. మీరు అప్పుడు గదిలో లేరు. నేనున్నాను. మళ్ళీ అలా చూడలేనండి. ఉప్పు ఇవ్వండి. లేకపోతే నేనే ఇంటికి తీసుకెళ్ళి పాలలో కలుపుకుంటాను.”

ఈ అమ్మాయి ఇంటికెళ్ళి వంటింట్లో ఉప్పు డబ్బా తీస్తే, మా పెద్దసారు చేతుల్లో పోయిన పిల్లవాడికీ వీడికీ తేడా ఉండదు. నేను గట్టిగా చెప్పబోయాను. పెద్దసారు నా భుజం మీద చెయ్యి వేసి ఆపి, స్టూలు జరుపుకుని ఆ అమ్మాయి ఎదురుగా కూర్చున్నారు.

“నాకూ భయమేనమ్మా” అన్నారు.

ఆ అమ్మాయి ఆయన కేసి చూసింది.

“మొదలుపెట్టేటప్పుడు భయమేసింది. ఆపేటప్పుడూ వేస్తోంది. కానీ ఒక్కటి చూడు. అప్పుడు వీడు ఎంత తాగినా ఎండిపోయేవాడు. ఇప్పుడు వీడి నడినెత్తి మీద గుంట లేదు, బుగ్గ నిండింది. గుడ్డలెన్ని తడుస్తున్నాయో మీ అత్తగార్ని అడుగు. నువ్వు ఇంటికెళ్ళద్దు. ఇక్కడే ఉండు. రోజుకి కాస్త చొప్పున తగ్గిద్దాం. రోజూ తూకం వేద్దాం. ముల్లు వెనక్కి వస్తే ఆ నిమిషమే మళ్ళీ ఇస్తాను. సరేనా?”

ఆ అమ్మాయి వెంటనే ఒప్పుకోలేదు. అత్తగారి కేసి చూసింది. పసిగుడ్డుకి ఉప్పేంటని మాతో దెబ్బలాడిన మామ్మగారు, ఈసారి కోడలి పక్కన చేరి తల నిమిరింది.

“వాళ్ళు పెడతామన్నప్పుడు నేను వద్దన్నానే. నా మాట విని ఉంటే పిల్లాడు దక్కేవాడా? ఇప్పుడు నువ్వు వద్దంటన్నావు. నాలాగే చేస్తావేంటే? సరే అనమ్మా.”

“మీరు రోజూ దగ్గరుండి తూస్తారా అండి?” అని అడిగింది ఆ అమ్మాయి, పెద్దసార్ని.

“నేనే తూస్తాను.”

తూశారు. వార్డు పెద్ద డాక్టరు రోజూ పొద్దున్న అందరికంటే ముందు వచ్చి, తనే పిల్లవాణ్ణి ఎత్తి తూకంలో పెట్టి, ఆ తల్లిని పక్కన నిలబెట్టుకుని ముల్లు చదివి చెప్పేవారు. మొదటి రోజులు ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టి నిలబడేది. తర్వాత తర్వాత ముల్లు కేసి కాకుండా పిల్లవాడి మొహం కేసి చూడడం మొదలుపెట్టింది. ఉప్పు మొత్తం ఆపేసిన తర్వాత కూడా వాడు పెరిగాడు. ఒకరోజు పొద్దున్న పెద్దసారు తూకం దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి రాలేదు. పిల్లవాణ్ణి పక్కలో వేసుకుని నిద్రపోతోంది. “లేపకండి” అన్నారు ఆయన సిస్టరుతో. ఆ రోజు తూకం వెయ్యలేదు. ఇంటికి పంపించవచ్చని ఆ రోజే తేల్చుకున్నాం.

కాకినాడకి ఫోన్ చేసి చెబితే నా స్నేహితురాలు మురిసిపోయింది. దాని ఎలక పిల్లల వల్ల ఒక మనిషి పిల్ల బతికిందని అదీ చెప్పుకుంది, నేనూ ఒప్పుకున్నాను. ఎలకల డాక్టరని పిలవడం మాత్రం మానలేదు.

వాళ్ళు మళ్ళీ చూపించుకోవడానికి వచ్చింది ఎండలు ముదిరాక. ఓపీ గదిలో జనం కిటకిటలాడుతున్నారు. ముందు తండ్రి వచ్చాడు, భుజం మీద చక్కెరకేళి గెల. “మీకేనండి, ఆయ్, మా మార్కెట్లో మొదటి రకం” అని దాన్ని నా బల్ల మీద పెట్టేసరికి కాగితాలన్నీ కింద పడ్డాయి. వెనకాల తల్లి, ఆవిడ వెనకాల మామ్మగారు. పిల్లవాణ్ణి గుర్తుపట్టలేకపోయాను. ఎత్తుకుంటే చెయ్యి లాగేంత బరువున్నాడు. నేను వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని పొట్ట నొక్కి చూస్తుంటే వాడు నా మొహం కేసి నిదానంగా చూసి, నా కొత్త నేతచీర మీద వెచ్చగా పోసేశాడు.

మామ్మగారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

“అయ్యో, చీర పాడైపోయిందండి, ఇలా ఇవ్వండి వాణ్ణి.”

“ఫరవాలేదు మామ్మగారూ, ఉండనివ్వండి. ఇప్పుడు అందులో ఉప్పు లేదు కదా” అన్నాను.

“ఉప్పు లేకపోతే పోనీండి,” అంది ఆవిడ, పైటకొంగుతో నా ఒళ్ళు అద్దుతూ. “మర్యాద కూడా లేదు వీడికి.”